చిలుకల స్నానం

రామచిలుకను పెంచుకుంటానని మా అమ్మాయి పట్టుబట్టింది. మన రామచిలుకను పట్టి పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని నచ్చజెప్పి, బదులుగా ఒక జత బడ్జరిగార్లను తెచ్చాను. బజారులో వీటిని 'లవ్‌బర్డ్స్' అంటారు గాని, ఆ పేరు నిజానికి ఆఫ్రికాకు చెందిన వేరొక చిలుకజాతిది. బడ్జరిగార్ల స్వస్థలం ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని సజీవంగా ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. ఆ తరువాత అవి దేశదేశాల ఇళ్లకు చేరాయి.

ఆకుపచ్చ దానికి చిట్టి అని, నీలం రంగు దానికి నీలి అని మా అమ్మాయి పేర్లు పెట్టింది. వాటి పోషణ భారం నేను వహించాను. నా దృష్టిలో ఆహారమంటే గిన్నెనిండా కొర్రలు. శుభ్రత అంటే సబ్బు. డిసెంబరు నెలలో ఒకనాటి సాయంకాలం నీలి రెక్కలకు రెట్ట అంటిందని, దానిని గుప్పిట పట్టి, సబ్బునీటితో కడిగాను. అది కీచుకీచుమంటూ పెనుగులాడింది. నేను దానిని అల్లరి అనుకున్నాను.

తెల్లవారేసరికి నీలి ఈకలు ఉబ్బించుకొని, కళ్లు మూసుకొని పంజరంలో ఒక మూల కూర్చుంది. వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్లాను. డాక్టరుగారు దాని రొమ్మును వేలికొనతో తడిమి చూశారు. ఎముక కత్తి అంచులా తేలి ఉంది.

"తిండి సరిగా పెడుతున్నారా?" అని అడిగారు.

"గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటుందండీ."

"గింజలతోనా, పొట్టుతోనా?"

నా వద్ద సమాధానం లేదు. చిలుక గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పప్పును మింగి, పొట్టును గిన్నెలోనే వదిలివేస్తుంది. చూసేవారికి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. ఆ నిండుతనాన్ని నమ్మి నేను రెండు ప్రాణాలను అర్ధాకలితో ఉంచాను. సబ్బు ఈకలమీది సహజమైన నూనెను హరిస్తుందనీ, అప్పుడు నీరు చర్మం వరకు దిగి ఒంటి వేడిని లాగివేస్తుందనీ ఆయన వివరించారు. పక్షులు తమ జబ్బును చివరి వరకు దాచుకుంటాయట. మూడవనాడు నీలి మరణించింది. మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

చిట్టి విషయంలో డాక్టరుగారు చెప్పినట్లు నడుచుకున్నాను. గింజలు మాత్రమే తింటే ఎ విటమిన్, అయోడిన్ కొరవడుతాయి. అందుచేత కొర్రలు, సామలతో పాటు బాగా కడిగిన కొత్తిమీర, మునగాకు, తురిమిన క్యారెట్ పెట్టసాగాను. సున్నపు ధాతువు కోసం సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టాను. పేరు నురుగే గాని అది ఒక సముద్రజీవి ఒంటిలోని గట్టి పెంకు. చాక్లెట్టు, అవకాడో వాటికి విషతుల్యం. ఇంత చిన్న ప్రాణికి ఇన్ని నియమాలా అని ఇంట్లో విసుక్కున్నారు. ముప్పై నలభై గ్రాముల దేహంలో పొరపాటుకు చోటెక్కడిది?

స్నానం మాటకు వస్తే, ఎండ వచ్చాక వెడల్పాటి మూకుడులో అంగుళం లోతైనా లేని మంచినీరు పెట్టాను. వారం దినాలు చిట్టి దానివైపు చూడనే లేదు. స్వదేశంలో ఈ పక్షులు తడిసిన గడ్డిలో పొర్లి ఒళ్లు తడుపుకుంటాయని ఒక పుస్తకంలో చదివి, కడిగిన కొత్తిమీర కట్టను నీరు కారుతుండగానే పంజరంలో ఉంచాను. చిట్టి కాసేపు తల వాల్చి చూసింది. పిదప ఆ ఆకుల మధ్యకు దూరి, రెక్కలు టపటపలాడిస్తూ అటూ ఇటూ పొర్లింది. నీటిచుక్కలు నా కళ్లజోడు మీద పడ్డాయి.

గుంపుగా జీవించే పక్షి ఒంటరిగా ఉండలేదని నెల తరువాత దానికి ఒక తోడును తెచ్చాము. రోజూ ఉదయం గిన్నెలోని పొట్టును ఊది, గింజలు నింపే పని ఇప్పుడు మా అమ్మాయిది. ఆ పని మాత్రం నాకు అప్పగించదు.