డాన్యూబ్ మీద చేజారిన అసర్

కర్నూలులో ముప్పై రెండేళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించాను. గోడకు ఐరోపా పటం తగిలించి, బెత్తం మొనతో డాన్యూబ్ నదిని చూపిస్తూ, అది జర్మనీలోని బ్లాక్ ఫారెస్టులో పుట్టి, పది దేశాలను తాకుతూ దాదాపు 2,850 కిలోమీటర్లు ప్రవహించి నల్లసముద్రంలో కలుస్తుందని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పటం మీది ఆ నీలిగీతను కళ్లారా చూస్తానని మాత్రం ఏనాడూ అనుకోలేదు. పదవీ విరమణ అనంతరం అల్లాహ్ ఆ అవకాశం ప్రసాదించాడు.

మా అబ్బాయి మ్యూనిక్ నగరంలో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరు చివరి వారంలో మమ్మల్ని పిలిపించి, పస్సావ్ నుండి బుడాపెస్ట్ వరకు అయిదు రోజుల ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాడు. వేసవి రద్దీ ముగిసి చలి ముదిరిన రోజులు కనుక టిక్కెట్లు చవకగా లభించాయట. ఈ ప్రయాణం వెనుక మరొక కారణం కూడా ఉందని మా ఇంటావిడకు తెలుసు, నాకూ తెలుసు. కొన్ని నెలలుగా మా తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి.

వాడు ఆ దేశానికి వెళ్లిన నాటి నుండి నేను ఫోనులో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "నమాజ్ చేశావా?" వాడు "చేశాను అబ్బా" అనేవాడు. ఆ సమాధానం నాకు తృప్తినిచ్చేది కాదు. ఒకరోజు కోపం పట్టలేక, "నాతో అబద్ధమాడగలవేమో గానీ, అల్లాహ్‌తో ఆడలేవు" అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత వాడి ఫోన్లు తల్లికే వచ్చేవి. నాకు సలాం మాత్రం అందేది.

పస్సావ్ చేరేసరికి చలి రెండు మూడు డిగ్రీలకు దిగింది. అక్కడ డాన్యూబ్‌లో ఇన్, ఇల్జ్ అనే రెండు నదులు కలుస్తాయి. ఆల్ప్స్ పర్వతాల నుండి వచ్చే ఇన్ నీరు లేత ఆకుపచ్చ. ఇల్జ్ నీరు నల్లన. కలిసిన తరువాత కూడా కొంతదూరం ఆ రంగులు వేర్వేరుగానే కనిపిస్తాయి. పురపాలక భవనం గోడ మీద నాటి నుండి నేటి వరకు వచ్చిన వరదల మట్టాలు గీసి ఉన్నాయి. వాటిలో 1501 నాటి గుర్తు ఉంది, 2013 జూన్ నాటి గుర్తూ ఉంది. 2013లో నీరు 12.89 మీటర్లకు చేరిందట.

ఆ గోడ ముందు అబ్బాయి ఆగిపోయాడు. "మన ఇంటి గోడ మీద కూడా ఇలాంటి గీత ఉండేది కదా అబ్బా! మీరు సున్నం వేయించేశారు" అన్నాడు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఏకమై మా కర్నూలును ముంచెత్తిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మేము మిద్దె మీద తలదాచుకున్నాము. చుట్టూ చీకటి, కింద నీటి హోరు. అప్పటికి పద్నాలుగేళ్ల వాడు, వణుకుతూనే నా పక్కన నిలబడి ఫజ్ర్ నమాజ్ చేశాడు. అదంతా వాడికి జ్ఞాపకముందని నాకు తెలియదు. నేను మాట్లాడలేకపోయాను.

మధ్యాహ్నం మూడు గంటలకు ఓడ కదిలింది. మనం సముద్రపు ఓడలను ఊహించుకుంటాము గానీ, నదుల మీద తిరిగే ఈ ఓడలు వేరు. నది మీద అక్కడక్కడా లాకులు ఉంటాయి కనుక, వాటిలో ఇమిడేలా సన్నగా, పొడుగ్గా కడతారు. వంతెనల కింద దూరవలసి ఉంటుంది కనుక ఎత్తు కూడా తక్కువే. లాకులోకి ప్రవేశించగానే రెండువైపులా తడిసిన గోడలు కిటికీని కమ్మేస్తాయి. నీటిని వదిలేకొద్దీ ఓడ నెమ్మదిగా దిగుతుంది. చివరకు తలుపులు తెరుచుకుని, దిగువన నది మళ్లీ కనిపిస్తుంది.

భోజనం గురించి దిగులు లేకుండా అబ్బాయి ముందుగానే ఓడవారికి రాసి ఉంచాడు. చేపలు, కూరగాయలు, గుడ్లు మాకోసం వేరుగా వండేవారు. అయినా ప్రతి పూటా వాడు వంటశాల వరకు వెళ్లి, సాస్‌లో వైన్ కలిపారా, తీపి వంటకంలో జెలటిన్ ఉందా అని అడిగి వచ్చాకే మా ముందు పళ్లెం పెట్టించేవాడు. అడగడంలో వాడికి సంకోచం లేదు, చెప్పడంలో వారికి విసుగూ లేదు. ఆరేళ్ల అలవాటు లేకుండా అది రాదని నాకు అప్పుడే తట్టవలసింది.

ఆ రాత్రి ఇషా నమాజ్‌కు నేను ఫోనులో ఖిబ్లా చూసుకున్నాను. అరవై ఏళ్లుగా పడమరకు తిరిగి నమాజ్ చేసినవాణ్ణి. అక్కడ ఖిబ్లా ఆగ్నేయం. గదిలో కిటికీ వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. ప్రయాణికుణ్ణి గనుక ఖస్ర్ ప్రకారం రెండు రకాతులే. సలాం తిప్పి చూస్తే ఫోనులోని సూచిక తలుపు వైపు చూపిస్తోంది! పరికరం చెడిపోయిందనుకున్నాను. అబ్బాయి చిరునవ్వుతో, "పరికరం సరిగానే ఉంది అబ్బా. ఓడే తిరిగింది" అన్నాడు. ష్లోగెన్ అనే చోట కొండ అడ్డుపడి, డాన్యూబ్ దాదాపు వెనుదిరిగినంత పెద్ద మెలిక తిరుగుతుంది. అది తెలియక నేను గోడనూ కిటికీనీ నమ్ముకున్నాను. "ఓడ తిరిగితే మనమూ తిరగాలి కదా, ఫిఖ్హ్ పాఠాల్లో మీరే చెప్పారు" అని వాడు గుర్తు చేశాడు. నిజమే, చెప్పాను. చెప్పడమే గాని, తిరిగే ఓడ మీద నిలబడవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు.

మరునాడు గురువారం. మా ఇంటావిడ సెహ్రీ చేసి ఉపవాసం పాటించింది. గత రమజాన్‌లో జ్వరం వల్ల విడిచిన కొన్ని ఉపవాసాలు ఆమెకు బాకీ ఉన్నాయి. ప్రయాణంలో సడలింపు ఉంది కదా అన్నాను. "పదకొండు గంటలైనా లేని పగలు మన ఊళ్లో దొరుకుతుందా?" అంది. ఉదయం అయిదున్నరకు మొదలైన ఉపవాసం సాయంత్రం నాలుగు దాటగానే ముగుస్తుందని ఆమె లెక్క వేసుకుంది. నేను ఆ లెక్క వేసుకోలేదు.

మధ్యాహ్నం ఓడ మెల్క్ పట్టణం దాటి వాఖావ్ లోయలో ప్రవేశించింది. ముప్పై కిలోమీటర్లకు పైగా రెండువైపులా కొండలు, మెట్లు మెట్లుగా ఆకులు రాల్చిన ద్రాక్షతోటలు, వాటి మీద కదలని పొగమంచు. సూర్యుడు కనబడనే లేదు. పైడెక్కు మీద చలి భరించలేక అందరం అద్దాల గదిలో చేరాము. నేను ఇంగ్లండుకు చెందిన ఒక వృద్ధ దంపతులతో మాటల్లో పడ్డాను.

కొంతసేపటికి ఒడ్డున డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు కనిపించాయి. 1192 చివర మూడవ శిలువ యుద్ధం నుండి తిరిగి వెళుతున్న ఇంగ్లండు రాజు రిచర్డును ఆస్ట్రియా ప్రభువు బంధించి ఉంచిన కోట అది. ఆ దంపతులకు ఆ కథ తెలుసు. ఇక నాలోని ఉపాధ్యాయుడు మేల్కొన్నాడు. 1187లో జెరూసలేమ్‌ను తిరిగి సాధించిన సలాహుద్దీన్ అయ్యూబీ గురించి, ఓడిన వారి పట్ల ఆయన చూపిన ఔదార్యం గురించి, రిచర్డుతో కుదిరిన సంధి గురించి చెబుతూ పోయాను. వారు శ్రద్ధగా విన్నారు. ఇస్లాం ఔన్నత్యాన్ని పరాయి గడ్డ మీద చాటుతున్నానన్న గర్వం నాలో నిండిపోయింది. టీ రెండుసార్లు వచ్చింది. గోడ గడియారం నాలుగు దాటింది. మా ఊరిలో నవంబరు నెలలో అసర్ వేళ మొదలయ్యేది అప్పుడే. ఇంకా తొందర లేదులే అనుకున్నాను.

అంతలో అబ్బాయి చేతిలో ఖర్జూరాల డబ్బాతో వచ్చి, "అబ్బా, మగ్రిబ్ అయింది. అమ్మీ ఇఫ్తార్‌కు కూర్చుంది, రండి" అన్నాడు.

"మగ్రిబా? నేనింకా అసర్ చేయలేదు కదా!" అన్నాను.

వాడు నా ముఖం వంక ఒక్క క్షణం చూశాడు. "నేను మూడింటికి కిందికి వెళ్లి చేసి వచ్చాను. మీరు అంతకుముందే చేసి ఉంటారనుకున్నాను" అన్నాడు. అంతే. మరొక్క మాట అనలేదు. అనడానికి వాడికి ఆరేళ్ల మాటలున్నాయి. ఒక్కటీ అనలేదు.

గదికి వెళ్లి ముందు అసర్ ఖజా చేశాను. సజ్దాలో నుదురు ఆనించినప్పుడు లేవబుద్ధి కాలేదు. అహ్‌జాబ్ యుద్ధం నాడు శత్రువుల దాడి వల్ల అసర్ వేళ దాటిపోయినందుకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎంతగా బాధపడ్డారో నేను ఎందరికో వివరించాను. నాకు అడ్డుపడిన శత్రువెవరు? రెండు కప్పుల టీ, నా సొంత కంఠస్వరం. ధర్మాన్ని గురించి మాట్లాడుతూ మాట్లాడుతూనే ధర్మాన్ని జారవిడిచాను.

మగ్రిబ్‌కు అబ్బాయి అలవాటుగా నా వెనుక నిలబడబోయాడు. "ఈ పూట నువ్వు చేయించు" అన్నాను. వాడు తటపటాయించి ముందుకు వెళ్లాడు. ఆరేళ్ల తరువాత వాడి ఖురాన్ పారాయణం విన్నాను. తొట్రుపాటు లేదు. రోజూ చదివే గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాత్రి కోటు తొడుక్కుని డెక్కు మీదికి వెళితే వాడూ వచ్చాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"చలికాలంలో ఇక్కడ జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ ఆఫీసు వేళల్లోనే వస్తాయి అబ్బా. అజాన్ వినిపించదు. ఆఫీసులో మెట్ల కింద సామాన్లు పెట్టే చిన్న గది ఉంది. పై అధికారిని అడిగి అక్కడ చేసుకుంటాను. మొదటి చలికాలం మూడు నాలుగుసార్లు నాకూ అసర్ ఇలాగే తప్పిపోయింది. మీరు అడిగితే నిజమే చెప్పాను. మీరు చాలా కోప్పడ్డారు. ఆ తరువాత ఒక్కటీ విడవలేదు. కానీ చేశానని చెప్పినా మీరు నమ్మలేదు."

పొగమంచులో తీరం కనిపించడం లేదు. నిజం చెప్పినప్పుడు గద్దించాను. చేసినప్పుడు అనుమానించాను. ఇక వాడు నాకేమి చెప్పాలి? వీధికొక మస్జిద్, రోజుకు అయిదుసార్లు అజాన్ వినిపించే ఊళ్లో కూర్చుని, అజాన్‌ను గుండెలో మోసుకు తిరిగేవాడిని నేను లెక్కలు అడిగాను. తండ్రిగా గుర్తు చేయడం నా బాధ్యతే. దానిని నేను విచారణగా మార్చుకున్నాను.

"నన్ను మన్నించు బేటా" అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. వాడు నా చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "మీ చేతులు మంచులా ఉన్నాయి, లోపలికి రండి" అన్నాడు.

మరునాడు జుమా. ఓడ వియన్నా చేరింది. ప్రయాణికులకు జుమా తప్పనిసరి కాకపోయినా, ముగ్గురం మెట్రో ఎక్కి డాన్యూబ్ సమీపంలోనే ఉన్న ఇస్లామిక్ సెంటర్ మస్జిద్‌కు వెళ్లాము. 1979లో ప్రారంభమైన ఆ మస్జిద్ మినారు ఎత్తు 32 మీటర్లు. బోస్నియా తమ పాలనలోకి రావడంతో ఆస్ట్రియా 1912లోనే చట్టం ద్వారా ఇస్లాంను గుర్తించింది. ఉస్మానీ సైన్యాలు 1529లోనూ 1683లోనూ ముట్టడించి గెలవలేకపోయిన నగరంలో ఆ మినారు ప్రశాంతంగా నిలిచి ఉంది. ఈ చరిత్రంతా నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు మౌనంగా వరుసలో కూర్చున్నాను. నా కుడిపక్కన ఎవరో ఆఫ్రికా సోదరుడు, ఎడమపక్కన నా కొడుకు. భుజానికి భుజం తగిలింది.

ఆదివారం బుడాపెస్ట్‌లో గులాబీల కొండ మీద 1541లో మరణించిన గుల్ బాబా సమాధిని దర్శించి, వారందరి కోసం దుఆ చేసి, మా ప్రయాణం ముగించాము.

ఇంటికి వచ్చి నెలలు గడిచాయి. ఇప్పుడు నా గదిలో రెండు గడియారాలున్నాయి. ఒకటి మన సమయం, మరొకటి మ్యూనిక్ సమయం. చలికాలంలో మా ఊళ్లో మగ్రిబ్ ముగిసి, ఇషా కోసం ఎదురుచూసే వేళకు, అక్కడ మెట్ల కింది చిన్న గదిలో వాడు అసర్ కోసం ముసల్లా పరుస్తూ ఉంటాడు. ఆ వేళ నేను ఫోను చేయను. చేతులెత్తి వాడి కోసం దుఆ చేస్తాను. నా కోసం కూడా చేసుకుంటాను.