అమ్మ ఖానావళి లెక్కలు

దాదరు స్టేషనులో రైలు దిగిన మా పల్లెవారికి పరేలులోని టాటా స్మారక ఆసుపత్రి దారి యెంత తెలియునో, మా చాళు దారియు నంతే తెలియును. ఆ ఆసుపత్రి 1941లో వెలసినది. మా యిల్లు దానికి నడకదూరము. పదియడుగుల గదిలో మేమారుగురము. రోగియు, తోడు వచ్చినవారును చేరిన రాత్రులందు పిల్లలము వసారాలో పండుకొనెడివారము. రాచపుండునకు మందు తినవచ్చినవారి మూటలు నానాటికి ఎట్లు చిక్కిపోవునో చిన్ననాడే చూచితిమి. అయినను ఆ వ్యాధి మా యింటనే పుట్టిననాడు, ఆ చూచినదేదియు మాకక్కరకు రాలేదు.

మా తండ్రిగారు కరీంనగరు జిల్లాలో మగ్గము విడిచి, ముంబయి బట్టలమిల్లులో సాంచాలు నడుప వచ్చిన పద్మశాలీలలో నొకరు. అమ్మ ఖానావళి నడిపెను. అనగా, ఆలుబిడ్డలను ఊరిలో నుంచివచ్చిన కార్మికులకు నెలకింతయని అన్నము పెట్టుట. ఇరువదిమంది మిల్లు పాళ్లను బట్టి వంతులవారీగా వచ్చి తినిపోయెడివారు. 1982 జనవరి 18న డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టిరి. అది ముగిసినదని నేటివరకు ఎవరును లాంఛనముగా ప్రకటింపలేదు. అమ్మ మాత్రము ఎనిమిది నెలలు అరువు మీద వండిపెట్టి, చెవుల పోగులమ్మి, ఆపైన పొయ్యి ఆర్పెను. ఆమెకు వ్రాత రాదు. బాకీల పుస్తకములో మనిషికొక గుర్తు, పూటకొక గీత. ఆ పుస్తకము మా ట్రంకుపెట్టె అడుగున నేటికిని కలదు.

తండ్రిగారు పోయిన చాలయేండ్లకు, 2014లో, అమ్మ రొమ్మున గడ్డ బయటపడినది. బయటపడినది మాకు, ఆమెకు నాలుగు నెలల క్రిందటనే తెలియును. మూడు వారముల కొకసారి రక్తనాళముల ద్వారా ఎక్కించు మందులు, అటుపిమ్మట శస్త్రచికిత్స, ఆ తరువాత వారమునకైదు దినములు కిరణచికిత్స. ఆసుపత్రి రుసుము మేము భయపడినంత లేదు. సొమ్ము పోయినది వేరు త్రోవలను. తెల్లకణములు తగ్గిననాడు వేయించు సూదిమందులు, గుంపులో నిలువలేని మనిషికి టాక్సీలు, పాలు, గ్రుడ్లు. అన్నిటికిని మించి, తోడుండుటకై మాలో ఆడపడుచు మానుకొన్న కుట్టుపని, చిన్నవాడు పోగొట్టుకొన్న దినకూలి. ఇవి ఏ రసీదులోను కానరావు.

మహారాష్ట్ర ప్రభుత్వము 2012లో జీవన్‌దాయీ ఆరోగ్య యోజనను ప్రారంభించియుండెను. పసుపుపచ్చ, నారింజ రేషను కార్డులవారి కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయలవరకు వైద్యము. మా అందరి సంపాదన యొకే కార్డుపై నుండుటచే మాది తెల్లకార్డు. అమ్మ పేరు తీసి వేరు కార్డు పుట్టించుడని తెలిసినవారొకరు చెప్పి, కాగితములుకూడ సిద్ధపరచిరి. ఒకే పొయ్యిమీద తినువారము వేరింటివారమని వ్రాసి యీయవలెను. వేలిముద్రకై ఆమె చేయి పట్టుకొన్నప్పుడు సంగతియేమని అడిగెను, చెప్పితిమి.

"నా పేరు తీసేస్తే మీరు నాకేమైతరు బిడ్డా?" అని చేయి వెనుకకు తీసికొనెను.

ఆ మాట ఆనాడు మాకు మిక్కిలి నచ్చినది. వడ్డీలు కట్టుకొన్న నెలలలో అంతగా నచ్చలేదు. పెద్దవాడు భవిష్యనిధినుండి ముందుగా తీసెను; ఆడపడుచు గాజులు కుదువబెట్టెను; పొరుగువారితో వేసిన భిశీని నష్టమునకు ముందే పాడుకొంటిమి. ఈ గది పగడీ హక్కుసైతము అమ్ముదమని ఒక రాత్రి వసారాలో కూర్చుండి అనుకొని, తెల్లవారి ఒకరి మొగ మొకరు చూడలేకపోతిమి.

ఇంతలో అమ్మ సంగతి విని, సమ్మెనాటి కార్మికు నొకని కుమారుడు వచ్చెను. తండ్రి చనిపోవుచు చెప్పెనట. 5000 రూపాయలు అమ్మ మంచముపై నుంచెను. అవి మాకు మూడువారముల మందు. అమ్మ పుస్తకము తెప్పించి, ఆ గుర్తున్న పుట తెరిపించి, గీతలు లెక్కపెట్టుమనెను. 143 పూటలు. పూటకు రెండు రూపాయలచొప్పున 286. అంతమాత్రమే తీసికొని, మిగిలినది ఆ అబ్బాయి జేబులో పెట్టించెను. మేము గోడవైపు చూచుచుంటిమి. కోపము రాలేదనుట అబద్ధము.

ఖర్చు తగ్గించుటకై మేము కోలం బియ్యము మాని నూకలు తెచ్చుకొంటిమి. అమ్మకుమాత్రము వేరు గిన్నెలో మంచి బియ్యము. ఆ గిన్నె ముందుంచి, అందరిదియు అదేయని పదిదినములు నమ్మించితిమి. పదునొకండవనాడు ఆమె గోడ పట్టుకొని పొయ్యివద్దకు వచ్చి, వార్చిన గంజిని గరిటెతో కదిపిచూచెను.

"ఇర్వైమందికి వండిపెట్టినదాన్ని. గంజి చిక్కదనం జూస్తే తెల్వదా, బియ్యమెసొంటివో?"

ఆనాటినుండి ఆమెయు నూకలే తినెను. వైద్యులు చెప్పిన గ్రుడ్డు మానరాదని మేము పట్టుబట్టితిమి, బియ్యము వేరుండరాదని ఆమె పట్టుబట్టెను. అట్లు రాజీపడితిమి. అలవాటు చెడ్డది, చికిత్స ముగిసి, ఐదేండ్ల మాత్రలు నడుచుచున్నను, మా యింట నూకలే సాగినవి.

2018 దసరాకు భిశీ చివరి వాయిదా కట్టి, ఆ సంగతి అమ్మకు చెప్పితిమి. ఆనాడు ఊరినుండి వచ్చిన రోగియొకడు భార్యతో మా గదిలోనే దిగియుండెను; వారి మూట యింకను విప్పలేదు. అమ్మ మావైపు తిరిగి, "అయితే ఇయ్యాల్టిసంది నూకలు బంద్ వెట్టుండ్రి. సుట్టాలొచ్చిండ్రు, మంచి బియ్యం తేండ్రి" అనెను.