చుక్కాని త్రాళ్లు
గోస్తనీ నది సముద్రమున గలియు భీమునిపట్నములో, ఒక చిన్న తెరచాప పడవకు చుక్కాని త్రాళ్లను సవరించుటకు నేనొకనాడు తోడ్పడితిని. నడుపువాని చేతిలోని చక్రమును వెనుకనున్న చుక్కానితో కలుపునవి ఆ త్రాళ్లే. అవి వదులైనచో చక్రము తిరిగినను చుక్కాని వెంటనే కదలదు; మిక్కిలి బిగిసినచో రాపిడి హెచ్చి, నీటి ఒత్తిడి చేతికి తెలియదు. అందుచే చుక్కానిని నడుమ నిలిపి, రెండు ప్రక్కల త్రాళ్లను కొద్దికొద్దిగా, సమముగా బిగించితిమి.

ఇది స్వల్పవిషయము కాదు. 2017 సెప్టెంబరు 10న 'తారిణి' అను తెరచాప నౌకపై ఆరుగురు నావికాదళ మహిళాధికారులు గోవానుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణమునకు చెందిన స్వాతి యొకరు. 2018లో చుక్కానిని త్రిప్పు యంత్రభాగము చెడగా, వారు తొందరపడక మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ రేవున నిలిచి, దానిని బాగుచేయించుకొని, మే 21న క్షేమముగా గోవా చేరిరి.

ఎంత గొప్ప యాత్రయైనను కంటికానని చిన్న భాగములపైననే ఆధారపడియుండును. వానిని తీరము వీడకముందే సరిచూచుకొనవలెను.