బేగంబజారు చిత్రశాల

గడచిన నెలలో ఒక కెమెరా కంపెనీవారు హైదరాబాదు నగరమున బేగంబజారు చేరువను ఒక మేడమీద చిత్రశాలను నెలకొల్పి, ప్రారంభోత్సవమునకు మమ్ము ఆహ్వానించిరి. డెబ్బది యెనిమిదేండ్ల మా అత్తగారిని వెంటబెట్టుకొని పోయితిమి.

అఫ్జల్‌గంజులో బస్సు దిగి బజారులో ప్రవేశించితిమి. ఒకవంక ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు కొండలవలె పేర్చియుండెను. వేరొకవంక ఎండుమిరపకాయల ఘాటు, బాదము కిస్‌మిసుల బస్తాలు. మూటలు మోయు హమాలీల కేకలకు దారి యిచ్చుచు, పెండ్లి సామానులు కొనవచ్చిన ఇల్లాండ్ర నడుమ మెల్లగా నడచితిమి. అత్తగారు ఒక ఇత్తడి చెంబుకడ నిలిచి బేరము మొదలిడగా, వేళ మించుచున్నదని బ్రతిమాలి కదల్చితిమి.

ఇంత సందడిగల బజారునకు పేరిచ్చినది ఒక స్త్రీ. 1762 మొదలు 1803 వరకు ఏలిన నిజాం అలీఖాను భార్య హుమ్దా బేగము ఈ నేలను వర్తకులకు దానమిచ్చెనని చెప్పుదురు. ఫోటో తీయు విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. కావున ఆమె పేరు నేటికిని వేలమంది నోళ్లలో నానుచున్నను, ఆమె ఫోటో యుండుటకు వీలే లేదు.

చిత్రశాలలో దీపము వెలిగించిరి, పన్నీరు చల్లిరి. ఒక గోడపై క్రొత్త చిత్రములు, ఎదుటి గోడపై గాజుపలకల కాలపు చిత్రముల ప్రతులు అమర్చియుండిరి. ఆ కాలమున ఈ నగరమునకు కీర్తి తెచ్చినవారు రాజా దీనదయాళుగారు. వారు 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారులైరి. 1905లో కీర్తిశేషులైరి. వారి గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

కంపెనీవారి పక్షమున ఒక యువతి వచ్చినవారి కందరికి ఉచితముగా ఫోటో తీయుచుండెను. అత్తగారు కొంగు ముఖమున కడ్డము పెట్టుకొని, "ఈ వయస్సున నాకు ఫోటో యేల, అమ్మాయీ?" అనిరి.

అప్పుడు మేము దీనదయాళుగారు 1892లో ఈ నగరముననే తెరచిన జెనానా స్టూడియో సంగతి చెప్పితిమి. ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నేర్పరచిన ఆ స్టూడియో చుట్టును ఎత్తయిన గోడలుండెను. లోపల పురుషునకు ప్రవేశము లేదు. శ్రీమతి కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత దానిని నడపెను. పరపురుషుని కంటబడకుండనే తమ రూపమును నిలుపుకొను వీలు ఆనాటి స్త్రీలకు అట్లు కలిగెను.

అత్తగారు శ్రద్ధగా విని, ఎదుటి గోడపైనున్న ఒక స్త్రీ చిత్రమును చూపి, "ఈమె యెవరు?" అని అడిగిరి. క్రింద పేరు లేదు. కొంత సేపటికి వారే మెల్లగా పలికిరి.

"మా పుట్టింట ఒక ఫోటో యున్నది. నాకు మూడవ యేట అమ్మ పోయినది. ఆ ఫోటో అమ్మదని కొందరు, పిన్నిదని కొందరు చెప్పిరి. ఎరిగిన వారందరును గతించిరి. డెబ్బది యేండ్లుగా దానికి దండము పెట్టుచున్నాను. ఎవరికి పెట్టుచున్నానో యెరుగను."

మాకు నోట మాట రాలేదు. బజారున ముఖము లేని పేరును తలచుకొని వచ్చితిమి. ఇచట పేరు లేని ముఖము ఎదురైనది.

అత్తగారు కొంగు సవరించుకొని పోయి కుర్చీలో కూర్చుండిరి. ఫోటో చేతికి రాగానే పెన్సిలు అడిగి పుచ్చుకొని, దాని వెనుక తమ పేరు, తమ తల్లిగారి పేరు, ఆనాటి తేది స్వహస్తముతో వ్రాసిరి. అక్షరములు వణకినను చక్కగా తెలియుచున్నవి.

సోదరీమణులారా! నేడు మన చేతిఫోనులలో ఫోటోలు వేలకొలది యున్నవి. పెట్టెల అడుగున నున్న పాతవి ఎవరివో చెప్పగలవారు ఇంట ఒకరిద్దరే యుందురు. ఆ పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ఫోటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయుడు. గట్టిగా నొక్కి వ్రాసిన గుర్తులు ముందువైపు తేలును. కొన్ని సిరాలు నాని మరకలగును. వ్రాసిన పిమ్మట తేమ తగులని చోట దాచుడు.

తిరిగివచ్చునప్పుడు అత్తగారు మరల ఆ యంగడికడ నిలిచి, ఇత్తడి చెంబు బేరమాడి కొనిరి. దానిపైనను తమ పేరు చెక్కించిరి.