లెస్టర్‌లో 14 రోజులు: ఒక ఇల్లు, ముగ్గురం



విదేశాల్లో చదువుకునే మనవాళ్లు కరోనాలో ఎట్లా ఉన్నారని గ్రూపులో చాలామంది అడిగారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పడం కన్నా ముగ్గురం కూర్చుని ఒకేసారి రాద్దామనుకున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మేము ముగ్గురం 2019 సెప్టెంబర్‌లో ఎం.ఎస్సీ. చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం. ఒకడిది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. ఒకడు భద్రాచలం వైపు కోయ పిల్లవాడు. ఇంకొకడిది మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ తండా. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. ఇక్కడికి వచ్చాకే ఒకరికొకరం పరిచయం. 2017లో మన జిల్లాల్లో జరిగిన గొడవలు అందరికీ గుర్తే. మొదట్లో మా ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. అద్దె పంచుకున్నాం, వంట పంచుకున్నాం, ఆ ఒక్క విషయం మాత్రం పక్కన పెట్టాం.

ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా మేడారం జాతర జరిగితే రాత్రంతా ఫోన్లో చూశాం. అంత జనాన్ని చూసిన కళ్లతోనే మార్చిలో లెస్టర్ వీధులు ఖాళీ అవడం చూశాం. మార్చి 18 నుంచి బ్రిటన్ ప్రయాణికులను ఇండియా రానివ్వలేదు. 23న ఇక్కడ లాక్‌డౌన్ ప్రకటించారు. 25న ఉగాది, అదే రోజు ఇండియాలో లాక్‌డౌన్ మొదలైంది. ఇక రెండు వైపులా తలుపులు పడ్డట్టే.

మార్చి 28, శనివారం. పొద్దున లేచేసరికి ఉట్నూరు వాడికి జ్వరం, పొడి దగ్గు. వాడు ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో వారానికి ఒక్క షిఫ్టు చేసేవాడు, 12 గంటలు. ఆ రాత్రే డ్యూటీ ఉంది. ఫోన్ చేసి చెబితే అటు నుంచి, "మనుషులు లేరు, రెండు పారాసిటమాల్ వేసుకుని రాగలవా?" అన్నారు. పరీక్ష చేయించుకుందామంటే అప్పటికి ఆసుపత్రిలో చేరినవాళ్లకే చేస్తున్నారు. షిఫ్టు చేస్తేనే జీతం. అప్పట్లో వారానికి సగటున 118 పౌండ్లు సంపాదించేవాళ్లకే జబ్బు సెలవు డబ్బు వచ్చేది. మనవాడి సంపాదన వంద కూడా దాటదు. స్కాలర్‌షిప్ రెండో విడత ఇంకా పడలేదు. ఒకటో తారీఖు అద్దె కట్టాలి.

నిజం చెప్పాలంటే మాలో ఒకడు, "మామూలు జ్వరమేమో, పోయి రా" అన్నాడు కూడా. ఎవరన్నారో రాయడం లేదు, సిగ్గుగా ఉంది. ఉట్నూరు వాడు మంచం మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ నేను అన్నం తినిపించే తాతకు తొంభై ఏళ్లు. నేను పోను" అన్నాడు. అంతే, ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

అప్పటి నిబంధన ప్రకారం జబ్బు చేసినవాడు 7 రోజులు, ఇంట్లో మిగిలినవాళ్లు 14 రోజులు బయటికి పోకూడదు. మాది వరుస ఇళ్లలో చిన్న ఇల్లు. ముగ్గురికీ ఒకటే బాత్రూం. మొదట మేమిద్దరం, ఆఖరికి జ్వరమున్నవాడు, తర్వాత బ్లీచ్‌తో కడగడం. కంచం గది తలుపు ముందు పెట్టి మెట్లు దిగి వస్తే, అప్పుడు వాడు తలుపు తీసేవాడు. హాస్టల్లో అమ్మవారు పోసినప్పుడు మమ్మల్ని మూల గదిలో వేపాకుల మీద పడుకోబెట్టింది గుర్తొచ్చింది. ఇక్కడ వేపాకు లేదు, మిగతాదంతా అదే.

వండేది ఎక్కువగా తండా వాడే. బియ్యం అయిదు కిలోలు, కందిపప్పు కొంచెం, ఉల్లిగడ్డలు ఉన్నాయి. ఇంటికి సరుకులు తెప్పించుకుందామంటే ఏ కంపెనీ సైట్లోనూ ఖాళీ లేదు. నాలుగో రోజు తలుపు సందులోంచి ఒక చీటీ పడింది. సాయం కావాలంటే ఫోన్ చేయమని వీధివాళ్లే రాశారు. చేయడానికి మొహమాటపడ్డాం, చివరికి చేశాం. పక్కింటి గుజరాతీ ముసలమ్మ గడప మీద థేప్లాలు, ఒక సంచి గోధుమపిండి పెట్టి, దూరంగా నిలబడి చెయ్యి ఊపి పోయింది.

ఇళ్లకు మాత్రం అబద్ధం చెప్పాం. ఉట్నూరు వాడి నాయన సాయంత్రం ఆరింటికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేస్తాడు. అప్పుడు మాకు మధ్యాహ్నం పన్నెండున్నర. మార్చి 29న ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ రోజు నుంచి ఒకటిన్నరకు వచ్చేది. ఆ టైముకు వాడు వేడి నీళ్లు తాగి, దగ్గు ఆపుకుని, "మంచిగున్న బాపూ" అనేవాడు. అటు నుంచి నాయన, గూడెం దారికి అడ్డంగా కట్టెలు కట్టామని, బయటివాళ్లను రానివ్వడం లేదని, ఇప్పపువ్వు రాలుతోంది కానీ సంతలు బంద్ అయ్యాయని చెప్పేవాడు. ఊరు తనను తాను కట్టేసుకుంది, కొడుకు సముద్రాల అవతల గదిలో ఉన్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఏప్రిల్ 2, ఆరో రోజు, గురువారం. శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండానే కల్యాణం జరిగింది. మా కోయ తమ్ముడు ఫోన్లో చూసి, ఆ వీధులను ఆ రోజున ఖాళీగా తన జన్మలో చూడలేదన్నాడు. ఆ రాత్రే ఉట్నూరు వాడికి ఆయాసం మొదలైంది. 111కు ఫోన్ చేసి చాలాసేపు లైన్లో ఉన్నాం. ఎనిమిదింటికి వీధంతా తలుపులు తెరిచి డాక్టర్లకు, నర్సులకు చప్పట్లు కొడుతోంది, గిన్నెలు మోగిస్తోంది. మేము లోపల ఫోన్ పట్టుకుని వాడి ఊపిరి లెక్కపెడుతున్నాం.

చివరికి ఒకావిడ పలికింది. ప్రశ్నలు అడిగి, "ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలడా, చెప్పించండి" అంది. తలుపు బయటి నుంచి వాడితో అన్నాం. వాడు గోండీలో గబగబా ఏదో అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కోయ తమ్ముడికి సగం అర్థమై నవ్వాడు. తండా వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్లీ మళ్లీ అడిగితే చెప్పారు: "పప్పులో ఉప్పు లేదు, వీడికి వంట రాదు." ఆ రాత్రి ఆసుపత్రి అక్కర్లేదని, పెదాలు నీలం రంగుకు మారినా, మాట తడబడినా వెంటనే 999కు చేయమని ఆవిడ చెప్పింది. వంతులవారీగా తెల్లవార్లూ గది బయట మెట్ల మీద కూర్చున్నాం. ఎనిమిదో రోజుకు జ్వరం తగ్గింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఏప్రిల్ 11న వాడు నాయనకు నిజం చెప్పాడు. స్పీకర్‌లో అందరం వింటున్నాం. చాలాసేపు అటు నుంచి గాలి శబ్దమే. తర్వాత, "మరి నీకు అన్నం ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాడు. తండా పేరు, లంబాడీ అని వాడు చెప్పాడు. మళ్లీ నిశ్శబ్దం. మాకు గుండె దడ. "ఫోన్ ఆ పిలగానికియ్యి" అన్నాడు. మన తండా వాడు ఫోన్ అందుకున్నాడు. ఆయన తెలుగులో, "బిడ్డా, వచ్చినప్పుడు మా ఇంటికి రా" అన్నాడు. వీడు "అట్లనే బాపూ" అన్నాడు. ఆ రోజు తర్వాత 2017 గురించి మా ఇంట్లో మొదటిసారి మాట్లాడుకున్నాం. అన్నిట్లో ఒకటి కాలేదు. కానీ మాట్లాడుకున్నాం.

కొన్ని రోజులకే ఇంకో వార్త చదివాం. ములుగు జిల్లా మిరప తోటల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పాప, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న తన ఊరికి అడవి దారిన నడిచి వెళ్తూ, ఇల్లు దగ్గరవుతుండగా ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ రోజు మాలో ఎవరమూ సరిగ్గా తినలేదు. మాకు తలుపు మూసుకోవడానికి ఒక గది ఉంది. ఇంట్లో ఉండమన్నప్పుడు, ఉండటానికి ఇల్లు ఎవరికి ఉందో కూడా చూడాలని అప్పుడు అర్థమైంది.

మే నెలలో ఉట్నూరు వాడు మళ్లీ డ్యూటీకి పోయాడు. కేర్ హోమ్‌లో రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఆ తాత మాత్రం ఉన్నాడు. వీడి పేరు ఇప్పటికీ సరిగ్గా పలకలేడట.

ఇది రాస్తుండగానే, జూన్ 29న లెస్టర్‌కు మళ్లీ లాక్‌డౌన్ అన్నారు, మిగతా దేశమంతా తెరుచుకుంటున్నప్పుడు. ఈసారి బియ్యం, ఉప్పు రెండూ ఉన్నాయి.

బయటి దేశాలకు రాబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఇంగ్లండ్ వస్తే, వీసాతోపాటు ఆరోగ్యం కోసం డబ్బు కట్టే వస్తాం, కాబట్టి దిగిన వారంలోనే దగ్గరలోని డాక్టర్ దగ్గర పేరు రాయించుకోండి. ఒక నెల అద్దె ముట్టకుండా పక్కన పెట్టండి. జ్వరముంటే డబ్బు కోసం పనికి పోకండి. సాయం అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో వాళ్లకు అబద్ధం చెప్పకండి. మనం అనుకున్నదానికన్నా వాళ్లు గట్టివాళ్లు.

ఇంకేమైనా అడగాలంటే కామెంట్లో అడగండి, ముగ్గురిలో ఎవరో ఒకరం జవాబిస్తాం. అందరూ జాగ్రత్త.