ఖాళీ చేసిన యిల్లు

అద్దె యింట కాపురముండుట యెట్లో పెద్దలు చెప్పుదురు గాని, అద్దె యిల్లు విడిచిపెట్టుట యెట్లో చెప్పినవారిని నేనెరుగను. ఇరువది సంవత్సరముల బడిపంతులు ఉద్యోగములో బదిలీల పుణ్యమా యని నేను ఆరు ఇండ్లు ఖాళీ చేసితిని. తాళపుచెవి తిరిగి యిచ్చునాడు ఇంటి యజమాని ముఖమున గనబడు గాంభీర్యము పరీక్షాధికారుల ముఖమున గూడ నేను చూడలేదు. ఆయన వంటింటి గోడను వ్రేలితో రాచి, ఆ వ్రేలిని వెలుతురులో బెట్టి చూచుకొనును. మేకులు కొట్టిన రంధ్రములను లెక్కించును. గుడివాడలో ఒక యజమాని నా అడ్వాన్సులోనుండి వెల్లకని, కడిగించినందుకని ఒక నెల యద్దె పూర్తిగా కోసికొనెను. పంచాంగము తగిలించిన మేకు ఒక్కటే నేను కొట్టినది. తక్కినవి నాకు ముందున్నవారివి. ఆ అన్యాయమును నేను ఆరు నెలలు కనబడిన వారికెల్ల చెప్పుకొంటిని. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకొందురు గాక, ముందు పనియున్నది.

ఈ తగవునకు సంబంధించిన ధర్మము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమున 108వ విభాగములో స్పష్టముగానే యున్నది. వేరు ఒడంబడిక లేనప్పుడు, అద్దెకున్నవాడు ఇంటిని తాను పుచ్చుకొన్ననాటి స్థితిలోనే తిరిగి యప్పగింపవలయును. అయితే సహజమైన వాడుకవలన గలిగిన యరుగుదలకును, మనుష్యుడాపజాలని శక్తివలన గలిగిన మార్పునకును అతడు బాధ్యుడు కాడు. చిక్కంతయు "పుచ్చుకొన్ననాటి స్థితి" యను మాటలోనున్నది. ఆ స్థితిని కాగితముపై వ్రాసియుంచు అలవాటు మనలో లేదు. యజమానికి తన యిల్లు ఎప్పుడును గృహప్రవేశమునాటి యిల్లుగనే జ్ఞాపకముండును. 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు మాదిరిగా నిచ్చిన అద్దె చట్టము నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల యద్దెకు మించరాదన్నది. మాదిరి మాదిరియే గదా, మా వీధులలో ఎవరి లెక్క వారిదే.

మానవుడాపజాలని శక్తి యనగా పిడుగో వరదయో యని యితర ప్రాంతములవారు తలతురు. బందరులో అది ప్రతిదినము గోడలోనే కాపురముండును. సముద్రపు గాలికి కిటికీ ఊచలు త్రుప్పుపట్టి, రేకులు రేకులుగా రాలును. భూమిలోని ఉప్పునీరు పునాదినుండి ఇటుకలలోనికి ప్రాకి, గోడపైకి రెండు మూడడుగుల యెత్తువరకు ఎక్కును. నీరు గాలికారిపోవును గాని ఉప్పు పోదు. అది పలుకులు గట్టి, లోపలినుండి పూతను నెట్టివేయును. మంచమునకు సమానమైన యెత్తున గోడ పెచ్చులూడి, క్రింద తెల్లని పొడి రాలుచుండుట మా యూరి పాత యిండ్లన్నిటను గాననగును. దానికి సిమెంటు పూసినవాడు మోసపోవును; తేమ వెలుపలికి రాలేక మరికొంత పైకెక్కును. సున్నమే మందు. రాతిసున్నమును రాత్రియంతయు నీట విరియించి, గుడ్డతో వడగట్టి, పట్టుటకు కొంచెము జిగురును, తెల్లదనమునకు చిటికెడు నీలిమందును కలిపి, రెండు చేతులు వేసిన గోడ ఊపిరి తీసికొనును. పురుగును, బూజును కొంతకాలము దరిజేరనీయదు. 1864 నవంబరు 1వ తేదీ యుప్పెనలో సుమారు 30,000 మందిని, 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది జనమును మ్రింగిన సముద్రమే ఈ పెచ్చులనుగూడ నూడ్చుచున్నది. ఆ బిల్లును మాత్రము అద్దెకున్నవారు చెల్లింతురు.

నేనును ఒక యింటి యజమానినే. బందరులో మా తండ్రిగారు విడిచిన మూడు గదుల యిల్లు నాకు గలదు. గుడివాడలో ఉద్యోగముగాన దానిని అద్దెకిచ్చి, ప్రక్కవాటాలోనున్న మా పెదతండ్రిగారికి అప్పగించితిని. నాలుగేండ్లక్రిందట అందులో ఒక నర్సు, తన తల్లితోను కుమారునితోను ప్రవేశించినది. దివిసీమవారు, దళిత కుటుంబము. పెదతండ్రిగారు "మనవాళ్ళేనా?" యని యడిగినప్పుడు, "నెలనెలా జీతం వచ్చే మనిషి, పెదనాన్నగారూ" అంటిని. అడిగినదొకటి, చెప్పినది మరియొకటి. ఆ జవాబు చాకచక్యమని నాడు సంతోషించితిని.

ఆమెకంటె ముందు పదేండ్లున్నవారు మా బంధువర్గములోనివారే. వారు పోవునాటికి వంటింటి గోడ నూనెమసితో నల్లబడి, స్నానపుగదిలో ఉప్పునీటి చార తెల్లని పెంకువలె గట్టియుండెను. వారి యడ్వాన్సు మారుమాట లేక తిరిగి యిచ్చితిమి. ఆ పెంకును గోకినది ఈ నర్సే. బదిలీపై నాగాయలంకవైపు పోవుచు, ఆమె రెండు దినములు సెలవు పెట్టి ఇల్లు కడిగినది. నిమ్మరసముతో నీటిచారలు కరగించి, మేకు రంధ్రములను సున్నపుముద్దతో పూడ్చి, కిటికీ ఊచలను గరుకు కాగితముతో రుద్ది, నేలబండల సందులను పాత పండ్లకుంచెతో తోమి, తాళము పెదతండ్రిగారి కిచ్చి పోయినది.

తరువాతి యాదివారము నేను పోయితిని. ఇల్లు అద్దమువలె నుండెను. గుమ్మమునకు మామిడాకులు, గదులలో పసుపునీటి చుక్కలు గనబడినవి. పెదతండ్రిగారు లెక్క కాగితము నా చేతికిచ్చిరి. సున్నము ఇంత, కూలి ఇంత, చివర, ఆయన గుండ్రని అక్షరములలో, "శుద్ధి - 1,116 రూ." పురోహితుని పిలిపించి పుణ్యాహవాచనము చేయించితిరట. మా బంధువుల మసికి పురోహితుడు రాలేదు. కడిగిన యింటికి వచ్చెను.

సంస్కృతము చదివినవాడను గాన నాకొక ఆలోచన తోచినది. శుభ్రమను మాట ప్రకాశించుటను జెప్పు ధాతువునుండి పుట్టినది. తెల్లదనమును, మెరుపును జెప్పును. ఆ మెరుపు కంటికి గనబడవలెను, వ్రేలికి తగులవలెను. శుద్ధి యట్లు గాదు. దానిని కంటితో గాని వ్రేలితో గాని పరీక్షించుట కుదరదు. ఈ భేదమును నేను మనసులో చక్కగా విడదీసికొంటిని, ఆనందించితిని. ఆపైని కాగితములోని మొత్తమును యథాతథముగా ఆమె యడ్వాన్సులోనుండి తీసివేసి, మిగిలినది పంపి, లెక్క ప్రతిని గూడ జతచేసితిని. పెద్దవారితో తగవెందుకని. ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతికి రాజ్యాంగపు 17వ అధికరణము బోధించు చేయి అది. బందరు హిందూ కళాశాలలో పాఠములు చెప్పిన గోరాగారు 1940లో ముదునూరున నాస్తిక కేంద్రము స్థాపించిరనియు, కులభేదము లేని సహపంక్తి భోజనములు నడిపిరనియు సభలలో గొంతెత్తి చెప్పిన నోరును నాదే.

పదిదినములకు ఆమె గుడివాడ వచ్చి, మా యింటి వరండాలో కూర్చుండెను. గొంతు పెంచలేదు. కాగితము మడత విప్పి, "మాస్టారూ, సున్నానికి తీసుకున్నారు, సరేనండి. ఈ శుద్ధి ఏ గదికండీ? మరక ఎక్కడుందో ఫోను చేసి చెప్తే నేనే వచ్చి కడిగేదాన్ని గదా" అన్నది.

నా భార్య లోపలినుండి వచ్చి గడపదగ్గర నిలిచెను. నేను, "అది పొరబాటున పడిందమ్మా" అంటిని.

"పొరబాటయితే కొట్టేసి, పక్కన మీ సంతకం పెట్టండి."

డబ్బు తెచ్చి ముందుంచితిని. ఆమె డబ్బు ముట్టలేదు, కాగితమే చూపినది. ఆ వరుసపై గీత గీచితిని. సంతకము చేయబోవుచుండగా, "పొరబాటు అని రాయకండి మాస్టారూ. పొరబాటు కాదని మీకూ తెలుసు" అన్నది. ఏమి వ్రాయవలెనో తోచక చాలసేపు కలము పట్టుకొని కూర్చుంటిని. తుదకు "ఇది నేను తీసికొనదగని సొమ్ము" అని వ్రాసి సంతకము చేసితిని. ఆమె చదివికొని, మడిచి సంచిలో బెట్టుకొని, అప్పుడు డబ్బు లెక్కపెట్టుకొనెను. నా భార్య మంచినీళ్ళిచ్చినది. త్రాగి లేచి, ఆరున్నర బస్సునకు పోయినది.

మరునాడు బందరు పోయి పెదతండ్రిగారితో సంగతి చెప్పితిని. "ఒరే అబ్బాయీ, పదకొండువందల పదహార్లకు ఇంత రామాయణమా? నేనిస్తాను పో" యనిరి. డబ్బు కాదంటిని. 1977 గాలివానలో అవనిగడ్డ సహాయశిబిరమున ఎవరు వండినదో యడుగక తిన్న కథను చిన్నప్పుడు ఆయనయే మాకు పదేపదే చెప్పెడువారు. అది జ్ఞాపకము చేసితిని. ఆయన మాటాడక వాలుకుర్చీలో నటు తిరిగిరి.

ఇప్పుడా యింటికి క్రొత్త ఒడంబడిక వ్రాసియుంచితిని. ప్రతి గోడ స్థితియు, ఎన్ని మేకులున్నవో, ఏ గోడకు ఎంతయెత్తున ఉప్పు పట్టినదో అందులో గలదు. ఉప్పు ఖర్చు యజమానిది. కోతలలో కంటికి గనబడని పద్దు ఏదియు నుండరాదని యొక వరుస చేర్చితిని. సాక్షిగా పెదతండ్రిగారి సంతకము కావలెను. కాగితము ఆయన బల్లపై, కళ్ళజోడు క్రింద, నెలదినములనుండి యున్నది.