నీళ్ల దొంగ ఎవరు?

గోడపత్రికలో నేను రాయడం ఇదే మొదలు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను.

మా తొమ్మిదో తరగతి వాళ్లం హాస్టల్ మేడమీద ఉంటాం. పొద్దున్న మోటారు వేసి టాంకీ నింపినాక మా కుళాయి బాగానే వస్తుంది. సాయంత్రానికి సన్నగా కారి ఆగిపోతుంది. ఒకరోజు కిందకి తొంగిచూస్తే ఆరో తరగతి పిల్ల రబ్బరు పైపుతో బెండమొక్కలకి నీళ్లు పెడుతోంది. మాకు లేవు, మొక్కలకి ఉన్నాయా అని కోపం వచ్చింది. కిందకి దిగి అందరి ముందూ "నీళ్ల దొంగా" అని తిట్టాను. "నాను దొంగని కాదక్కా, సారు పెట్టమన్నారు" అని ఏడ్చింది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు.

ఆదివారం మొక్కల డ్యూటీ నాకు పడింది. పొద్దున్న పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి పైకి పట్టాను. నీళ్లు మా మేడ కిటికీ దాకా ఎగిరాయి. సాయంత్రం అలాగే పట్టాను. కిటికీకి చాలా కిందే ఆగిపోయాయి. పైపు అదే, వేలూ అదే. మరి నీళ్ల బలం ఎక్కడికి పోయింది?

సైన్సు సారుని అడిగితే "ముందు ఎత్తులు కొలవండి" అన్నారు. సారూ మేమూ కలిసి తాడుతో కొలిచాం. టాంకీ నిండా ఉంటే నీటిమట్టం నేలకి 18 అడుగులు. టాంకీ అడుగుభాగం 12 అడుగులు. మా మేడమీది కుళాయి 15 అడుగులు. సాయంత్రం నీటిమట్టం 14 అడుగులకి దిగిపోయింది.

అప్పుడు సారు బోర్డుమీద రాసి చెప్పారు. నీటి ఒత్తిడి టాంకీ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి రాదు, నీటిమట్టం ఎంత ఎత్తున ఉంది అన్నదాన్ని బట్టి వస్తుంది. 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగుల ఎత్తు నీళ్లుంటే కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలో బరువు ఒత్తిడి పడుతుంది. మాది 18 అడుగులు గనుక అరకిలో పైచిలుకు. ఆ ఒత్తిడే నీళ్లని పైపులోంచి ఎగరేస్తుంది. కానీ అవి టాంకీలోని మట్టాన్ని దాటి పైకి పోలేవు. పైపు లోపలి రాపిడి, గాలి అడ్డం వల్ల అంత ఎత్తు కూడా అందుకోవు. వేలు అడ్డం పెడితే పైపులో నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి, రాపిడి తగ్గుతుంది. మిగిలిన ఒత్తిడితో మూతి దగ్గర జోరుగా చిమ్ముతాయి.

నాకు ఒళ్లంతా సిగ్గేసింది. 14 అడుగుల నీళ్లు 15 అడుగుల కుళాయికి ఎలా ఎక్కుతాయి? టాంకీలో ఇంకా 2 అడుగుల నీళ్లున్నా కిందకే వస్తాయి, మాకు రావు. ఆ మట్టం దించింది స్నానాలకి, బట్టలకి, వంటకి వాడుకున్న అందరమూ.

మా తాత కొండ ఊటనుంచి వెదురు బద్దల్లో నీళ్లు దింపేవాడు. "ఊటకి కింద ఇల్లు కట్టాల, పైన కడితే కుండ మొయ్యాల" అనేవాడు. తాత బడికి పోలేదు. బడికి వచ్చిన నేను కొలవకుండానే దొంగ అన్నాను.

అందరి ముందూ తిట్టాను గనుక అందరి ముందే తప్పు ఒప్పుకున్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. మర్నాడు పైపు నా చేతికిచ్చి "నువ్వు పట్టక్కా, ఎంత ఎత్తు ఎగురుతాదో సూద్దాం" అంది.

మేడమీది అక్కల్లారా, బకెట్లు పొద్దున్నే నింపుకోండి. కింది పిల్లల్ని ఏమీ అనకండి.

– తొమ్మిదో తరగతి బాలిక